తొమ్మిదో నంబరు జెర్సీ

ఎడ్విన్ రిటైరయ్యాడని, వచ్చే ఆదివారం మార్కాపురం మిషన్ కాంపౌండులో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాడని మా అన్న పాల్ రాజు ఆటో దిగకుండానే చెప్పాడు. కార్డు కూడా చేతికిచ్చాడు. అన్నీ బంగారు రంగు అక్షరాలు. "సీయోను స్టార్స్ ఫుట్‌బాల్ క్లబ్ పాత మిత్రులు, అభిమానులు విచ్చేసి తమ మధుర జ్ఞాపకాలు పంచుకోవలసిందిగా మనవి" అని అడుగున ఉంది. నాకు నవ్వొచ్చింది. ముప్పై ఏడేళ్లుగా ఈ పిలుపు కోసమే కాచుకుని కూర్చున్నాను. చివరికి వాడే అచ్చు వేయించి పంపాడు.

"పోదామంటావా?" అన్నాడు అన్న.

"పోకుంటే ఎట్ల? జ్ఞాపకాలు చెప్పమంటున్నాడు గదా. చెప్దాం."

అన్న నా మొహం చూసి నసిగాడు. "కోటయ్య బావ ఆ సంగతి ఎత్తొద్దన్నాడే అన్నమ్మా."

"వద్దన్న మనిషి పోయినాడు. నేనుండా."

కోటయ్య నా భర్త. పలకల గనిలో రాయి కొట్టి కొట్టి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల నిండా చేరి, మూడేళ్ల కిందట పోయాడు. కానీ ఈ చుట్టుపక్కల యాభై దాటిన ఎవరినైనా అడగండి, గని కోటయ్య అనరు, నంబర్ నైన్ కోటయ్య అంటారు. సీయోను స్టార్స్ ఆడుతుంటే మిషన్ కాంపౌండు గోడ మీద జనం కాకుల్లా వాలేవాళ్లు. బంతి కోటయ్య ఎడమకాలికి దొరికిందంటే గోడ మీద వాళ్లంతా లేచి నిలబడేవాళ్లు. ఆ గోడ మీద నేనూ ఉండేదాన్ని. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు.

ఎనభై ఎనిమిదిలో ఫైనల్ గిద్దలూరు జట్టుతో పడింది. ఆ రోజు గనిలో మేస్త్రీ కోటయ్యను వదల్లేదు. ఆట మొదలయ్యే వేళకు మనిషి రాలేదు. క్లబ్బుకు ఉన్నవే పదకొండు జెర్సీలు. తొమ్మిదో నంబరు ఎప్పుడూ బెంచీ మీద కూర్చునే ఎడ్విన్‌కు తొడిగారు. కెప్టెను మా అన్నే. రెఫరీ ఎక్కడి నుంచో వచ్చినవాడు, ఎవరి మొహమూ తెలీదు. కాగితంలో తొమ్మిది, ఎడ్విన్ అని రాసుకున్నాడు.

హాఫ్ టైముకు ఒక గోల్ వెనకబడి ఉన్నాం. అప్పుడు రాళ్ల లారీ మీద నుంచి కోటయ్య దూకాడు, ఒళ్లంతా తెల్లటి దుమ్ము. రెఫరీకి చెబితే పేరు లేనివాణ్ని దిగనివ్వడేమోనని మావాళ్లకు భయం. గోడ వెనక్కి వెళ్లి ఎడ్విన్ ఒంటి మీది జెర్సీ విప్పి కోటయ్యకు తొడిగారు. ఎడ్విన్ బూట్లు కోటయ్య కాళ్లకు పట్టలేదు. వట్టి కాళ్లతోనే దిగాడు. రెండు గోల్స్ కొట్టాడు. రెండో గోలప్పుడు గిద్దలూరు ఆటగాడొకడు వెనక నుంచి భుజం పట్టి లాగితే జెర్సీ చర్రున చిరిగింది. అయినా ఆగలేదు. కప్పు మాదే. ఆ చిరుగు నేనే కుట్టిచ్చాను, జెర్సీ మాత్రం ఎడ్విన్ దగ్గరే ఉండిపోయింది.

కాగితంలో మాత్రం రెండు గోల్సూ ఎడ్విన్‌వే. నోరు విప్పితే కప్పు పోతుందని క్లబ్బంతా, గోడ మీద జనంతో సహా, నోరు మూసుకుంది. "మెల్లగా నేనే చెప్తాలే అన్నా" అన్నాడు ఎడ్విన్ కోటయ్యతో. మెల్లగా జిల్లా జట్టులోకి వెళ్లాడు. మెల్లగా స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకున్నాడు. కోటయ్య అడగబోతే "కాగితంలో నా పేరుంది, నేనేం చేసేది?" అన్నాడట. కోటయ్య మళ్లీ గనికే పోయాడు. పోతే పోనీలే అన్నాడు. ఆ పోనీలే వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చివరి ఏడాది ఆయన మంచానికే అతుక్కుపోయాడు. పాత అభిమానులు సాయంత్రాలు వచ్చి చుట్టూ కూర్చునేవాళ్లు. పుల్లలచెరువు అవతల అడవి నుంచి చెంచయ్య తేనె సీసా పట్టుకుని రెండు బస్సులు మారి వచ్చేవాడు. అందరూ కలిసి ఆ రెండు గోల్స్ మళ్లీ మళ్లీ ఆడేవాళ్లు. ఎవడైనా కుడికాలు అంటే కోటయ్య దగ్గు ఆపుకుని "ఎడమరా" అని సరిదిద్దేవాడు. ఆ ఒక్కమాట కోసం అంత ఆయాసపడేవాడు. నేను పొయ్యి దగ్గర కూర్చుని వినేదాన్ని, పళ్లు కొరుక్కుంటూ.

నాకు కావలసింది ఒక్కటే. ఆ గోల్స్ కోటయ్యవని ఎడ్విన్ తన నోటితో, మైకులో, నలుగురి ముందు చెప్పాలి.

మా కూడికల్లో ఒక పద్ధతి ఉంది. పాటలు, ప్రార్థన అయ్యాక పాస్టరుగారు "ఇంకెవరైనా సాక్ష్యం చెప్తారా?" అని అడుగుతారు. దేవుడు చేసిన మేలో, కళ్లారా చూసిందో చెప్పడమే సాక్ష్యం. చెయ్యెత్తినవాళ్లకు మైకు ఇవ్వాల్సిందే. మధ్యలో ఆపకూడదు. ముగించాక అందరూ ఆమెన్ అనాలి. కూడిక పెట్టుకున్నవాడు అందరికంటే గట్టిగా అనాలి. ఈ పద్ధతి మీద నాకు అంతవరకు ఎప్పుడూ అంత ప్రేమ పుట్టలేదు.

అన్ననూ చెంచయ్యనూ కూర్చోబెట్టి చెప్పాను. "ఒక్క అబద్ధం ఆడొద్దు. కోటయ్య పేరు ఎత్తొద్దు. తొమ్మిదో నంబరు అనండి, చాలు. చూసింది చూసినట్టు చెప్పండి. పేరు సంగతి నేను చూసుకుంటా."

"మీ దేవుని దగ్గర నన్ను మాట్లాడనిస్తారా అమ్మా?" అన్నాడు చెంచయ్య.

"చెయ్యెత్తు మామా. ఎట్ల ఇయ్యరో చూస్తా."

ఆదివారం షామియానా కిటకిటలాడింది, ఎక్కువమంది ఆ ఆట చూడని ఆఫీసువాళ్లు, కుర్రవాళ్లు. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. ఫైనల్ రోజు ఆట మొదలుకాకముందు తీసిన ఫొటోను నిలువెత్తు చేశారు. తొమ్మిదో నంబరు జెర్సీ, కాళ్లకు నల్లటి బూట్లు, ఎడ్విన్. కింద "ఫైనల్ హీరో" అని రాశారు. ఎడ్విన్ తెల్ల సఫారీలో, మెడలో దండతో కూర్చున్నాడు. నన్ను చూసి లేచి "బాగున్నావా వదినా" అన్నాడు. బాగున్నానన్నాను.

ఆయన కూతురు ఫెబీ మైకు పట్టుకుంది. కల్మషం లేని పిల్ల. "మా నాన్నకు కూడా తెలియని బహుమానం ఇది. పాత ట్రంకుపెట్టెలో దొరికింది" అంటూ అద్దాల ఫ్రేము మీది గుడ్డ తీసింది. పసుపు జెర్సీ, తొమ్మిదో నంబరు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎడ్విన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. కుడి భుజం దగ్గర నా కుట్టు నాకు అంత దూరం నుంచీ కనిపించింది. నేను అనుకున్నదానికంటే దేవుడు ఎక్కువే ఇచ్చాడు.

పాస్టరుగారు అడగగానే మా అన్న లేచాడు. "ఫస్టాఫ్‌లో మేం చచ్చిపోయినాం. సెకండాఫ్‌లో తొమ్మిదో నంబరు ఎడమకాలితో రెండు కొట్టినాడు. అట్లాంటి ఆట మళ్లీ చూడలా. ఆ తొమ్మిదో నంబరుకు కెప్టెనుగా నేను చేయాల్సింది చేయలేకపోయినా. ప్రభువు నన్ను క్షమించుగాక." మైకు ఇచ్చేసి కూర్చున్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. ఎడ్విన్ కూడా అన్నాడు, కొంచెం ఆలస్యంగా.

చెంచయ్య మైకును రెండు చేతులా పట్టుకున్నాడు. "మీ సాక్ష్యాలు నాకు తెల్వవు. చూసింది చెప్తా. తొమ్మిదో నంబరాయనకు కాళ్లకు జోళ్లు లేవు. ఎడమకాలి బొటనేలి గోరు లేచిపోయినాది. ఆకు నలిపి కట్టు కట్టింది నేనే. నొప్పా అంటే నవ్వినాడు. మీ దేవునికి దండం."

ఆమెన్ సగమే వచ్చింది. మిగతా సగం ఫ్లెక్సీలోని నల్ల బూట్ల వైపు చూస్తూ ఆగిపోయింది. ముందు వరసలో ఎవరో "బూట్లున్నాయే" అన్నారు. ఎడ్విన్ కర్చీఫ్‌తో మెడ తుడుచుకున్నాడు.

నేను చెయ్యెత్తాను. పాస్టరుగారు కొంచెం తటపటాయించారు. నేను చెయ్యి దించలేదు.

"ఫెబీ, ఆ అద్దం ఇట్ల తేమ్మా. కుడి భుజం కాడ ఏముందో చదివినట్టు చెప్పు."

ఆ పిల్ల దగ్గరగా చూసి "చిరిగితే కుట్టారు ఆంటీ. ఎర్ర దారం" అంది.

"పసుపు గుడ్డకు ఎర్ర దారమేంది అని మీ నాయనను ఎప్పుడన్నా అడిగినావా?"

"లేదాంటీ."

"ఇప్పుడు అడుగు. ఎవరు కుట్టినారు, ఎవరి ఒంటి మీద చిరిగింది, అడుగు. మైకు ఆయనకే ఇయ్యి."

ఆ పిల్ల మైకు తండ్రి ముందు పెట్టింది. "చెప్పు నాన్నా" అంది నవ్వుతూనే. ఎడ్విన్ నన్ను చూశాడు. నేను కళ్లు తిప్పుకోలేదు. మంచం మీద కోటయ్య "ఎడమరా" అని ఆయాసపడటం నా కళ్లలో ఎడ్విన్‌కు కనపడాలనే చూశాను. నవ్వు మెల్లగా ఆ పిల్ల మొహం మీద నుంచి జారిపోయింది. ఆ ఒక్క క్షణం నాకు జాలేసింది. ఆమె మీద మాత్రమే.

"అన్నమ్మ వదిన కుట్టింది" అన్నాడు ఎడ్విన్. మైకులో ఊపిరి వినపడింది. "చిరిగింది కోటయ్యన్న ఒంటి మీద. ఆ రెండు గోల్సూ ఆయనవే. నేను గోడ వెనక కూర్చోనుండా."

ఫెబీ ఫ్రేమును గుండెకు ఆనించుకుని వేదిక దిగిపోయింది. ఎడ్విన్ దండ తీసి పక్కన పెట్టి, నా దగ్గరికి వచ్చి, అందరి ముందూ చేతులు జోడించాడు. "క్షమించు వదినా." ఏడుస్తున్నాడు. నిజంగానే ఏడుస్తున్నాడు, అది నేను కాదనను.

మాలో నలుగురిలో క్షమించమని అడిగితే క్షమించాననాలి. చిన్నప్పటి నుంచి అట్లానే పెంచారు. పాస్టరుగారు మైకు నా నోటి దగ్గర పెట్టారు. రెండొందల మంది ఆమెన్ అనడానికి నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు.

"నన్నెందుకు అడగతావయ్యా?" అన్నాను. "నీతో పోనీలే అన్నోడు కాంపౌండు వెనక సమాధుల దొడ్లో ఉండాడు. నడిచిపోయేంత దూరమే. పోయి ఆయన్ను అడుగు. పలికితే నేనూ పలుకుతా."

మైకు పాస్టరుగారికి ఇచ్చేశాను. బిరియానీ పెట్టారు. మా అన్నకు ముద్ద దిగలేదు. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఇంటికి బయలుదేరుతుంటే ఫెబీ ఎదురొచ్చి ఫ్రేము నా చేతిలో పెట్టింది. తల నిమిరి తీసుకున్నాను. ఇంటికొచ్చాక అద్దం విప్పి జెర్సీని కోటయ్య చొక్కాలు తగిలించే కొక్కేనికే తగిలించాను.

అప్పటి నుంచి పాస్టరుగారు వారం వారం మా ఇంటికి వస్తున్నారు. ఎడ్విన్ రోజూ సమాధుల దొడ్డికి వెళ్లి కూర్చుంటున్నాడట, తిండి సరిగా తినడం లేదట. అదంతా చెప్పి, నా మనసు మెత్తబడాలని ప్రార్థన చేస్తారు. మంచి ప్రార్థన. ముసుగు వేసుకుని, కళ్లు మూసుకుని, చివరిదాకా వింటాను. ఆమెన్ మాత్రం ఆయన ఒక్కరే చెప్పుకుని వెళ్తున్నారు.