నేలతాడి పండుకున్న చోటు

దోహాలో చమురు డబ్బుతో ఎటు చూసినా ఇళ్లు లేస్తున్న రోజులవి. అల్ ముంతజా అనే పేటలో ఖమర్ సుల్తానా బేగం ఇంట్లో నేను వంట చేసేదాన్ని. బేగందీ మా నిజామాబాదే, తెలుగు బాగా వచ్చు. ఆ పెరట్లో పెద్ద రేగుచెట్టు ఉండేది. దాని నీడలో ఎన్నిసార్లు గడ్డి పరిచినా నెల తిరక్కుండా చచ్చిపోయేది.

లింబాద్రి మా జిల్లావాడే. బేగం భర్త కంపెనీలో సిమెంటు బస్తాలు మోసి మోసి నడుము పోగొట్టుకుంటే, జాలిపడి ఇంట్లో తోటపనికి పెట్టుకున్నారు. ఒకసారి సెలవు నుంచి వస్తూ సిర్నాపల్లి అడవిలో తవ్విన నేలతాడి గడ్డలు డబ్బానిండా తెచ్చి ఆ చెట్టు కింద నాటాడు. అడవిలో పెద్ద చెట్ల నీడన పెరిగేదే కదా, ఇక్కడా నేలంతా కమ్మేసింది. సన్నటి తాటిపిలకల్లాంటి ఆకులు, మట్టికి ఆనుకుని చిన్న చిన్న పసుపు పూలు. బేగం అక్కడే కుర్చీ వేయించుకుని చాయ్ తాగేది.

చలి మొదలవగానే ఆకులన్నీ ఎండిపోయాయి. తల్లికి బాగాలేదని లింబాద్రి అప్పుడే ఊరికి బయలుదేరాడు.

"గంగక్కా, ఆకు పోయిందని పరేషాన్ గాకు. గడ్డ లోపల పండుకుంటది. ఎండలు ముదిరినంక నేనొచ్చి లేపుత. అందాక సుక్క నీళ్లు పొయ్యకు," అన్నాడు.

బేగం బోడినేలను చూసి, "ఎండకాలం దాంక చూస్త గంగామణీ. మొలవకుంటే బండలు పరిపిస్త, వాణ్ణి సైటుకు తోలుత," అంది.

నాకు భయం పట్టుకుంది. ఆ నడుముతో మళ్లీ బస్తాలా? నీళ్లు లేకుండా ఈ ఎడారిలో ఏం బతుకుతుంది, మగవాడికేం తెలుసు అనుకున్నాను. మా ఇంట్లో బీరపాదుకైనా కరివేపాకుకైనా బియ్యం కడిగిన నీళ్లే బలం. నాలుగు నెలలు పూటపూటా అవే పోశాను.

లింబాద్రి తిరిగొచ్చి, బేగం చూస్తుండగానే మట్టి తవ్వాడు. గడ్డలన్నీ గుజ్జయిపోయాయి. పులిసిన వాసన కొట్టింది.

"ఎవరన్న నీళ్లు పోసిన్రా?" బేగం అడిగింది.

లింబాద్రి నా వైపు చూడను కూడా లేదు. "తెచ్చిన గడ్డలే మంచియి కావమ్మా," అన్నాడు.

వారంలో బండలు పడ్డాయి. లింబాద్రి సైటుకు పోయాడు.

తర్వాత కొన్నాళ్లకు గోడవార బండల సందున, నా చెంబు నీళ్లు పారని మూల, ఒక్క ఆకు లేచింది. దాన్ని చూపించి బేగంకు అంతా చెప్పేశాను.

"ఇప్పుడా చెప్పేది? బండలు పడ్డంక తోటపని ఏడున్నది?" అంది.

శుక్రవారం లింబాద్రి గేటు దగ్గరికి వచ్చాడు, నడుముకు తువ్వాలు బిగించుకుని. అతనికీ చెప్పాను.

"ఎరుకే అక్కా. బియ్యం కడుగు వాసన నాకు తెల్వదా?"

"మరి ఆనాడు ఎందుకు చెప్పలే?"

"చెప్తే నిన్ను ఊరికి తోలుతుండె. నాకు సైటన్న ఉండె."

ఆ మొక్కను తీసుకెళ్లమన్నాను. వద్దన్నాడు. "ఆడనే ఉండనీ. నువ్వు మాత్రం ముట్టకు," అని నవ్వి, నడుము పట్టుకుని మెల్లగా కంపెనీ బస్సెక్కాడు.

ఊరికి తిరిగొచ్చి ఇన్నేళ్లయినా మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు నా చేత్తో ఏ మొక్కకూ పోయను. కోడలే పోస్తుంది. ఎందుకని తను అడగదు, నేనూ చెప్పలేదు.