తీతువు గూళ్ల పుల్లలు

“వినీ, ఈసారి పుల్లలు గుచ్చకు. రేపు ఆ వాలంతా దున్నేస్తున్నా” అన్నారు మీ తాత. ఆయన బూట్లకంటిన సుద్దమట్టి గీకుతున్న నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఇంగ్లండులో మా విల్ట్‌షైర్ సుద్దకొండల మీద తీతువులు నేలమీదే గుడ్లు పెడతాయి తల్లీ. వసంతంలో గడ్డినేల చదును చేసే రోలర్ తోలే ముందు ఇంటి ఆడది వెళ్లి ప్రతి గూడు పక్కనా ఒక పుల్ల గుచ్చాలి. మగవాడు పుల్ల చూసి బండి పక్కకు తిప్పుకుంటాడు. పెళ్లయిన ఏడాది నుంచీ ఆ పని నాదే. అదో పనని ఎవరన్నారు కనక? “షికారు అయిందా మహారాణీ?” అనేది మా అత్త. అక్కడి పసుపుపచ్చ కౌస్లిప్ పూలు కోసుకొచ్చి, వేళ్లు పచ్చబడేదాకా రేకులు ఒలిచి నేను వైన్ పెడితే, “మావాడి వైన్ రుచి చూడండి” అని చుట్టాలకి పోసేది కూడా ఆవిడే. ఆ ఇంట్లో నాకంటూ ఒక కుర్చీ లేదు. ఆ వాలు ఉండేది. పైన భరతపిట్ట పాడుతుంటే, కాసేపు నన్నెవరూ పిలవని చోటు.

“తీతువులు గుడ్ల మీదున్నాయండీ. ఆ నేల ఒకసారి తిరగేస్తే ఆ పూలు మళ్లీ మనం చూడం” అని బతిమాలాను.

“దున్నితే సర్కారు డబ్బిస్తోంది. నీ పిట్టలేమిస్తాయే, రెట్టలా?”

అత్త నవ్వింది. నేనూ నవ్వాను, అలవాటు కొద్దీ. పొలం ఆయనది, ట్రాక్టరు ఆయనది, నాకేముందని ఆపను? అప్పుడు తట్టింది. ఇన్నేళ్లలో నా మాట ఒక్కటీ వినని మనిషి, నా పుల్లని మాత్రం ఒక్కనాడూ తొక్కలేదు.

తెల్లారుతూనే కొట్టంలోని పుల్లలన్నీ ఏప్రన్‌లో పోసుకుని వెళ్లాను. గూళ్ల పక్కన గుచ్చాను. తర్వాత కౌస్లిప్ గుత్తుల పక్కన, అప్పుడే తల ఎత్తుతున్న ఆర్కిడ్ల పక్కన, కుందేలు పడుకునే గుంట పక్కన, పిచ్చిదానిలా గుచ్చుతూనే పోయాను. తీతువులు నన్నే దొంగననుకుని నెత్తిమీద అరుస్తూ తిరిగాయి.

ట్రాక్టరు వాలెక్కి మొదటి పుల్ల దగ్గర ఆగింది.

“మతి పోయిందా నీకు? ఎన్ని గూళ్లే ఇక్కడ?” అని అరిచారు.

ఏప్రన్‌లో ఇంకొక్క పుల్ల మిగిలింది. దాన్ని నా కాళ్ల పక్కనే గుచ్చి, పూలలో కూర్చున్నాను.