ఇసుక కింది ఊరు

అది 1981. ఆ శుక్రవారం అబుదాబి చర్చిలో దయారాణికి పూజ మీద ధ్యాసే లేదు. మొగుడు రత్నబాబు వీసాను, అతనికి పూచీగా ఉన్న అరబ్బు యజమాని, కఫీల్, రద్దు చేశాడు. దయారాణి ఉంటున్నదీ ఆ వీసా మీదే కాబట్టి వారంలోగా ఇద్దరూ గుంటూరు దారి పట్టాలి. సామానైతే మోసుకుపోవచ్చు. ఎడారి అంచున శ్మశానంలో పాతిపెట్టిన పసిగుడ్డునెలా మోసుకుపోతారు? గుర్తుగా పెట్టిన సిమెంటు దిమ్మెను గాలి ఎప్పటికప్పుడు ఇసుకతో కప్పేస్తుంది. మొన్న వెతకడానికే మధ్యాహ్నమంతా పట్టింది. తాము వెళ్లాక వెతికేదెవరు? ఆ దిగులుతో ఆమెకు అన్నం సయించడం లేదు.

పూజయ్యాక, రోము నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ముసలి బిషప్పు ఉంగరం ముద్దు పెట్టుకోవడానికి జనం వరస కట్టారు. పక్కనే పరిమళ నిలబడింది. దయారాణితోపాటు ఆసుపత్రిలో నర్సు. నోరు ఊరుకోని పిల్ల.

"ఈయనకో ఊరుందంటక్కా, అక్విరా అని. రోమను రాజుల నాడు ఆఫ్రికాలో ఉండేదంట. ఎప్పుడో ఇసకలో కలిసిపోయింది. మనిషి లేడు, గుడి లేదు, అయినా దానికి బిషప్పు ఈయనేనంట! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం..."

అనేసి నాలుక కరుచుకుంది. దయారాణి అవేవీ పట్టించుకోలేదు. ఇసక అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

తన వంతు రాగానే ఉంగరం సంగతి మరిచి, ఆసుపత్రి ఇంగ్లీషులోనే అడిగేసింది.

"ఫాదర్, మీ ఊళ్లో ఎవరూ లేరు కదా. వాళ్ల కోసం ఎవరన్నా ప్రార్థన చేస్తారా?"

"నేను చేస్తానమ్మా. అక్కడ పోయినవాళ్లకు నేను కాక ఇంకెవరున్నారు?"

"మీ తర్వాత?"

"ఇంకొకరికి అప్పగిస్తారు. నాకూ అలాగే వచ్చింది."

వెనక ఎవరో "యల్లా, యల్లా" అంటూ తోస్తున్నారు. దయారాణి కదల్లేదు.

"మా బాబు కూడా ఇసుక కిందే ఉన్నాడు ఫాదర్. మేం వెళ్లిపోతున్నాం. వాణ్ణి మీ ఊళ్లో కలుపుకుంటారా?"

అందుకు శాస్త్రం ఒప్పుతుందో లేదో ఆ పెద్దాయన ఆలోచించలేదు.

"కలుపుకుంటాను. పేరు చెప్పు."

బాబు పుట్టిన పూటే పోయాడు. పరిమళ హడావిడిగా నీళ్లు పోసి జ్ఞానస్నానమైతే ఇచ్చింది గానీ పేరు పెట్టే వేళ ఎక్కడిది? పేరు లేనివాణ్ణి ఏమని తలుచుకుంటారు? వెనక్కి తిరిగి, వరసలో తన వెనకే ఉన్న మొగుడి వైపు చూసింది. పాతిపెట్టి వచ్చిన నాటి నుంచి రత్నబాబు బిడ్డ మాటే ఎత్తలేదు. ఈయనది రాతిగుండె అనే ఆమె అనుకుంటోంది.

"బాలశౌరి," అన్నాడు రత్నబాబు, ఏమాత్రం తడుముకోకుండా. "నేను వాణ్ణి అట్టానే పిలుచుకుంటా ఉంటాను."