భ్రమరాంబ తరగతి

జ్యేష్ఠమాసము ముగియవచ్చినను మేఘముల జాడ లేక సూర్యుండు నడిమింట నిప్పులు చెరుగుచుండ సముద్రమునుండి రావలసిన చల్లగాలి యెచ్చటనో నిలిచిపోగా వాడిన వేపకొమ్మలలో కాకులు సైతము నోళ్లు తెఱచి రొప్పుచుండిన యొక మధ్యాహ్నమున బందరు పట్టణమందలి యొక బాలికాపాఠశాలలో మాత్రము మిన్నుముట్టు కోలాహలము చెలరేగుచుండెను.

ఆ కోలాహలమునకు నడుమ నల్లబల్లకు వీపానించి స్వేదసిక్తలలాటయై నిలిచియున్న యువతి పేరు భ్రమరాంబ. బాల్యముననే భర్తృహీనయై పుట్టినింటి వంటయింటి మూలనే తెల్లవాఱుచు పొద్దుక్రుంకుచు నుండిన బ్రదుకునుండి చదువను నొక్క త్రాటిని పట్టుకొని వెలికివచ్చి యామె యచ్చట పంతులమ్మగా చేరి నెల తిరుగలేదు. ఆమె నల్లబల్లవైపు తిరిగినదే తడవుగా బాలికలు పెదవులు కదల్పకయే తుమ్మెదలవలె ఝుమ్మని నాదము చేయుదురు. ఆమె పేరులోని తుమ్మెదను కనిపెట్టి యా వినోదమును కల్పించిన దెవ్వరో తెలియదు. వెనుదిరిగి చూచునప్పటికి ముఖములన్నియు ముద్దబంతులవలె నమాయకములై యుండును. బుజ్జగించెను. బెదరించెను. గోడకు మొగము త్రిప్పి నిలువబెట్టెను. కథలు చెప్పెదనని యాశపెట్టెను. ఏదియు ఫలింపలేదు. తరగతిని నిలుపుకొనలేనిచో నింటికి పోవలసియుండునని ప్రధానోపాధ్యాయిని యదివఱకే చెప్పియుండెను. ఇల్లనగా నామెకు మరల నా వంటయింటి మూలయే.

ఆనాడు ఝుంకారము చెవులలోగాక పుఱ్ఱెలోనే పుట్టుచున్నట్లు తోచి యామె బెత్తము లాగి ముందువరుసలో తలయెత్తి చూచుచున్న రాజ్యలక్ష్మియను తొమ్మిదేండ్ల బాలిక యరచేతిపై కొట్టెను.

"నేను కాదు పంతులమ్మగారూ!" అని యా పిల్ల యఱచునంతలో రెండవ దెబ్బయు పడెను.

తరగతి నిశ్శబ్దమయ్యెను. ఏ నిశ్శబ్దమునకై యామె దేవతలకు మ్రొక్కుకొనుచుండెనో యది లభించెను. కాని డేగను చూచిన పిచ్చుకలవలె తనను చూచుచున్న యా కన్నుల నెదుర్కొనలేక యామెయే తల వంచుకొనెను. బడి విడిచిన పిమ్మట నొక పిల్ల వెక్కుచు వచ్చి యానాటి నాదము చేసినది తానేగాని రాజ్యలక్ష్మి కాదని చెప్పి పరుగెత్తిపోయెను.

మఱునాడు రాజ్యలక్ష్మి రాలేదు. ఆ మఱునాడును రాలేదు. ఆడుపిల్ల పలక యొకమాఱు మూలబడెనేని మరల వెలికివచ్చుట యెంత దుర్లభమో భ్రమరాంబ కెఱుక. ఒక ప్రాణిని తన చేతులతో తానే వంటయింటి మూలకు త్రోసితినను తలంపు నిలువనీయలేదు. నాటి సాయంకాలమున నామె యా పిల్ల యిల్లు వెదకికొని పోయెను.

పెరటి వాకిట నడుగిడి యామె నిలిచిపోయెను. పెరటిలో రాజ్యలక్ష్మి యింటి పసివాండ్రను వరుసగా కూర్చుండబెట్టి యొక పుల్లతో నేలను చఱచుచు "నోరు మూయుడు! ఎవ్వరది? చెప్పుడు!" అని భ్రమరాంబ కంఠస్వరముననే యఱచుచుండెను. పసివాండ్రు మఱింత కేరుచుండిరి. తుదకా బాలిక పుల్ల విసరివేసి మోకాళ్లలో తల దాచుకొని యేడ్చెను. ఆ దైన్యము భ్రమరాంబకు క్రొత్త కాదు. అది తాను ప్రతిరాత్రి తలగడ తడియ నేడ్చి యనుభవించిన దైన్యమే. ఆమె మెల్లగా పోయి యా పసివాండ్ర వరుసలో మఠమువేసికొని కూర్చుండెను.

రాజ్యలక్ష్మి తలయెత్తి కొయ్యబాఱిపోయెను.

"తప్పు నాది తల్లీ. చేయనిదానికి నిన్ను కొట్టితిని" అని భ్రమరాంబ పలికెను.

లోపలినుండి వచ్చిన పేరిందేవమ్మ యా పిల్లకు మామ్మ. "ఆడుపిల్లకు చదువేల యని నేను మొదటినుండి పోరుచునే యుంటిని. నీవు మంచి సాకు నిచ్చితివమ్మాయీ. ఇక పొమ్ము" అని యామె నిష్ఠురముగా ననెను.

"మామ్మగారూ, పిల్లల నదుపున నుంచుట నాకు చేతగాలేదు. చేతగాకనే బెత్తము పట్టితిని. నా తప్పునకు దీని చదువు మాన్పకుడు" అనుచు భ్రమరాంబ చేతులు జోడించెను.

వృద్ధురాలు మనుమరాలి యరచేతిని తిప్పి చూచెను. పిమ్మట "రేపు నేనును వచ్చి కూర్చుందును. నీ చేయి లేచెనో, దీని చేయి పట్టుకొని యింటికి వచ్చెదను" అనెను.

మఱునాడు వెనుకవరుసలో మనుమరాలి ప్రక్క చిన్న బల్లపై మోకాళ్లు పట్టక ముడుచుకొని పేరిందేవమ్మ కూర్చుండెను. భ్రమరాంబ నల్లబల్లను విడిచి వరుసల నడుమకు వచ్చి దోషి కాని పిల్లను కొట్టితినని యందఱియెదుట నొప్పుకొని యొక్కొక్క పిల్ల ప్రక్క వంగి యక్షరములు దిద్దించుచు తిరిగెను. గుసగుసలు పూర్తిగా నడగలేదు. నవ్వులును వినవచ్చెను. ఆమె కడపటి వరుసకు చేరెను. భయమున పుట్టిన నిశ్శబ్దము చదువునకు శ్మశానము వంటిదనియు పిల్లల మనస్సు దగ్గఱకు వచ్చి కూర్చున్నవారికే వశమగుననియు నామె నేర్చిన దా నడకయందే. అచ్చట పేరిందేవమ్మ మనుమరాలి పలకను తన యొడిలోనికి లాగికొని ముడుతలుపడిన వ్రేలితో నొక యక్షరమును చూపి "ఇదేమమ్మాయీ?" అని భ్రమరాంబను మెల్లగా నడిగెను.