కేబుల్ ఉన్నంతసేపే

మళ్ళీ మోగింది, ఇక దీన్నేమనాలి, మొన్న వాగు పొంగి ఒడ్డునున్న రోసెండా గడప దాకా వచ్చినప్పుడు నోరు మెదపని ఈ వరద హెచ్చరిక పెట్టె, ఇప్పుడు నా లాప్‌టాప్‌కి కేబుల్ తగిలించి నీటి మట్టం చూసే బెండు బంతిని చేత్తో ఎత్తగానే నీళ్ళు పెరిగాయని రేడియోలో కబురు పంపేసింది, కింద ఊళ్ళో సైరన్ కుయ్యోమంది, పొద్దుటి నుంచీ ఇదే తంతు, రాతి మీద కూర్చుని ఉడికిన మొక్కజొన్న గింజలు తింటూ రోసెండా, ఏమ్మా నార్సీసా, నువ్వొస్తే మేలుకుంటుంది, నువ్వు పోతే మొద్దు నిద్ర, నువ్వే ఇక్కడ కాపురం పెట్టరాదూ అంటుంది, నవ్వుతూనే అంటుంది, నాకు ఒళ్ళు మండిపోతుంది, పైన కొండల మీద మబ్బు నల్లగా దిగుతోంది, ఇవాళ మనవల్ని ఇంట్లో పడుకోబెట్టనా కొండమీది గుడిసెకి తోలుకుపోనా, అదొక్కటి చెప్పు తల్లీ అని పొద్దుట అడిగింది.

రాజధాని కీటోలో మా ఆఫీసు నుంచి విల్మెర్ ఫోన్లో, గంటగంటకీ బతికే ఉన్నానని పెట్టె నుంచి కబురు వస్తూనే ఉంది కదే, బాటరీ మార్చి వచ్చేయ్ అంటాడు, మార్చాను నాయనా, యాంటెన్నా మార్చాను, తేమ తుడిచాను, మార్చనిది నా తలకాయ ఒక్కటే, ఫోన్ పెట్టేసి విసుగెత్తి కేబుల్ పీకి బంతి ఎత్తాను, సైరన్ లేదు, మళ్ళీ ఎత్తాను, లేదు, తగిలించాను, మోగింది, పీకాను, చచ్చింది, అంటే కేబుల్ ఉన్నంతసేపూ ఇది నిద్రే పోదు, రేడియో మెలకువగానే ఉంటుంది, కేబుల్ తీస్తే బాటరీ మిగల్చడానికి పడుకుంటుంది, గంటగంటకీ పంపే కబురుకైతే మేం రాసిన ప్రోగ్రాం రేడియోని లేపి, అది కుదురుకునే దాకా ఆగి మాట్లాడిస్తుంది, ప్రమాదం కబురుకి ఆ ఆగడం మేమే తీసేశాం, ప్రాణాలు కదా, ఆలస్యమెందుకని, నిద్రమత్తులో ఉన్నదాన్ని అరవమంటే ఏమరుస్తుంది, నోరు తెరిచి మళ్ళీ పడుకుంటుంది, ప్రోగ్రాంలో ఒక్క లైను, ఆగమని చెప్పే ఆ ఒక్క లైను తిరిగి పెడితే చాలు, హమ్మయ్య.

హమ్మయ్య ఏమిటి నా మొహం, వాగు పొడవునా పెట్టెలన్నిట్లో ఇదే ప్రోగ్రాం, అన్నిటికీ ఎక్కి దిగాలంటే వారం, వాన ఇవాళే వచ్చేట్టుంది, పోనీలే తల్లీ దిగులుపడకు, మొన్న ఒక్కసారేగా మొండికేసింది, ఏడాదంతా కాపలా కాసింది, దాని ధైర్యంతోనే మనవల మంచం వాగు వైపు గదిలో వేశా అంటోంది రోసెండా, ఏడాదంతా, ప్రతి నెలా పరీక్ష చేసింది నేనే, కేబుల్ తగిలించుకునే, సైరన్ మోగగానే ఊరంతా చప్పట్లు కొట్టేవాళ్ళు, మొన్న పాడవలేదు ఇది, ఎప్పుడూ పనిచేయలేదు, ఏడాది పొడవునా ఆ పిల్లలు ఏ కాపలా లేకుండానే పడుకున్నారు, లైను తర్వాత, పెట్టెలు తర్వాత, లాప్‌టాప్ మూశాను, రోసెండా గారూ, లేవండి, పిల్లల్ని తీసుకుని గుడిసెకి పోదాం పదండి, నేనూ వస్తున్నాను, దారిలో మీకో మాట చెప్పాలి.