పాత మోడలు కత్తి

ఆ మోడలు ఇప్పుడు రావడం లేదని అందరూ చెప్పిన మాటే ఆమదాలవలసలో పాత సామాన్ల కొట్టు అతనూ చెప్పాడు. అసిరయ్య తలూపాడు. రెండేళ్లుగా వింటున్న మాట. నిరాశపడడానికి కూడా ఓపిక ఉండాలి.

పూర్వం సంస్థానం సిపాయిలు పట్టిన వంపుకత్తికి అది నకలు. విశాఖలో ఒక చిన్న కంపెనీ చేసేది, తర్వాత మూతపడింది. విజయనగరం పండగల్లో అసిరయ్య చేసిన కత్తిసాముకు ఏళ్ల తరబడి అదే ఆయుధం. ఆఖరి అంశం ఎప్పుడూ ఒకటే. భార్య గురమ్మ వెల్లకిలా పడుకుని గొంతు మీద కీరదోసకాయ పెట్టుకునేది. అతను కళ్లకు గంతలు కట్టుకుని ఒక్క వేటు వేసేవాడు. కాయ రెండు ముక్కలయ్యేది, చర్మం మీద గీత పడేది కాదు.

రెండేళ్ల కిందటి పండగలో పడింది. సన్నటి గీత, పసుపద్దితే మానిపోయింది. పిడి వదులైపోవడం వల్లే అలా జరిగిందని అసిరయ్య తేల్చేసి ఆ కత్తిని ఇనప సామాన్లలో పారేశాడు. కొత్త కత్తులు మరీ తేలిక, చెయ్యి చెప్పిన మాట వినవు. పాత మోడలు దొరికితే తప్ప మళ్లీ సాము చెయ్యనన్నాడు.

గురమ్మ కాదనలేదు. పైగా ఆచూకీలన్నీ తనే తెచ్చేది. పార్వతీపురంలో ఎవరింట్లోనో గోడకుందట, భోగాపురంలో ఎవరో కొన్నారట. చద్దిమూట కట్టి బస్సెక్కించేది. వెళ్లిన ఒక్కచోటా అలాంటి కత్తి ఉండేది కాదు. తిరిగొచ్చాక ఏమైందని అడగకుండా కాళ్లకు వేణ్ణీళ్లు పెట్టేది.

ఈసారి మాత్రం ఆచూకీ ఆమె ఇచ్చింది కాదు. ఆమదాలవలస స్టేషను దగ్గర టీ తాగుతూ గోడు చెప్పుకుంటే, శ్రీకాకుళంలో తమ వీధి ప్లీడరుగారి హాల్లో అలాంటిది వేలాడుతూ ఉండేదని ఓ ఆటో అతను చెప్పాడు. ప్లీడరు పోయారట, కూతురు సుహాసిని ఇల్లు ఖాళీ చేస్తోంది. అసిరయ్య వెళ్లి అడగగానే దుమ్ము దులిపి, పాత తువ్వాలులో చుట్టి ఇచ్చేసింది. పట్టుకోగానే అరచెయ్యి ఆ బరువును గుర్తుపట్టింది. సంతోషం మాత్రం రాలేదు. ఇంక వెతకడానికేమీ లేదన్న దిగులు బస్సులో దారిపొడుగునా పక్కనే కూచుంది.

ఇంట్లో మూట విప్పేసరికి గురమ్మ మొహం పాలిపోయింది.

"దొరికిందేటి?"

"అదే. సూడు."

ఆమె కత్తిని చూడలేదు, అతని మణికట్టును చూసింది. చాప పరిచి, కూరల బుట్టలోంచి కాయ తెచ్చుకుని పడుకుంది.

"గంతలు కట్టుకో మావా. కత్తి దొరికినాక ఇంకేటి వంక?"

అతను కట్టుకోలేదు. ఈసారి చూడాలనిపించింది. కత్తి ఎత్తాడు. మొన సన్నగా వణికింది. ఆపబోయినకొద్దీ ఎక్కువైంది. ఎప్పుడూ గంతల వెనకే ఉన్న తనకు కనపడనిది, కింద పడుకుని పైకి చూసే మనిషికి ఎన్నాళ్ల నుంచి కనపడుతోందో. లేని కత్తుల కోసం తనను ఊళ్లు తిప్పింది ఎందుకో అప్పుడు తెలిసింది.

సాము జరిగేటప్పుడు గురమ్మ ఏనాడూ కళ్లు మూసుకోలేదు. మూస్తే నీ మీద నమ్మకం లేనట్టే కదా అనేది. ఇప్పుడు గట్టిగా మూసుకుంది. గొంతుతో పాటు కాయ లేచి పడుతోంది.

అసిరయ్య కత్తి దించి తువ్వాలులో చుట్టాడు.

"ఇది ఆ మోడలు కాదే. బరువు తేడాగున్నాది."

గురమ్మ కళ్లు తెరవకుండానే కాయ తీసి పక్కన పెట్టింది. లేచి చాప చుడుతూ అంది:

"సాలూరులో ఎవరికాడో ఉన్నాదట మావా. రేపు బస్సెక్కుదువుగాని."