బావికి చెప్పని పేరు

దేశ రాజధాని శివారు ద్వారకలో, మా అపార్ట్‌మెంట్ల సొసైటీ వెనక, జనరేటర్ గది పక్కన ఒక పాత బావి ఉంది. పైన ఇనుప జాలీ వేశారు. గట్టు రాళ్ల మీద చేంతాడు ఒరుసుకున్న గాడుల్లో నా వేలు పూర్తిగా దిగుతుంది. కదిరి పక్కన మా ఊరి నుంచి వచ్చిన కొత్తలో రోజూ అక్కడికే వెళ్లేదాన్ని. జాలీ మీద వంగి "ఓ" అంటే "ఓ" అనేది.

"ఆ బావి కాడికి పోవద్దు గౌరీ, పురుగూ పుట్రా ఉంటాయి" అనేవాడు నాన్న.

గేటు బయట చెట్టు కింద, అందరూ దాదీ అని పిలిచే ఒక ముసలావిడ కూర్చునేది. ఈ భూములన్నీ ఒకప్పుడు ఆమె ఊరివాళ్లవే. సర్కారు తీసుకోగా మిగిలిన ఊరి ముక్కలో, రోడ్డవతల ఉంటుంది.

"మీ లిఫ్టు మా గోధుమ చేలో ఉంది బేటీ" అంది ఒకరోజు. "పైకీ కిందికీ తిరుగుతుంటే పైరు నలగదూ?"

వాళ్ల ఊళ్లో కొడుకు పుడితే బాలింతను పాటలతో తీసుకెళ్లి ఆ బావికి పూజ చేయించేవారట. కూతురు పుడితే లేదు. దాదీకి మొదట పుట్టింది కూతురే. పదకొండు నెలలకు పోయింది.

"తర్వాత ఇద్దరు కొడుకులకీ పూజ చేశాను. రెండుసార్లూ దాని పేరు నోటిదాకా వచ్చింది. పక్కనే అత్త."

శనివారం బావి పూడ్చి కార్లు పెట్టుకుంటారని తెలిసి, దాదీ నా చెయ్యి పట్టుకుంది. "ఒక్కసారి లోపలికి తీసుకుపో. పేరు చెప్పి వచ్చేస్తా."

శుక్రవారం సాయంత్రం ఇద్దరం గేటు దగ్గరికి వెళ్లాం.

"మళ్లీ వచ్చావా దాదీ? నీ కారెక్కడ పెట్టావు?" అని నవ్వి, వాచ్‌మన్ నావైపు తిరిగాడు. "ఎవరింటికి?"

మా ఇంటికి అంటే సరిపోయేది. వెనక ఎవరో హారన్ కొట్టారు. నేను పక్కకు జరిగాను.

"పిల్లని అడక్కులే" అంది దాదీ. వంగి నా చెవిలో ఆ పేరు చెప్పి, రోడ్డు దాటి వెళ్లిపోయింది.

ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

తెల్లవారగానే బావి దగ్గరికి వెళ్లాను. "ఓ" అన్నాను. "ఓ" అంది. "చమేలీ" అన్నాను. ఏమీ రాలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. రాలేదు. లోపల ఎక్కడో గిలక కిర్రుమంది. ఆ బావికి గిలక లేదు. మళ్లీ "ఓ" అంటే, ఎప్పటిలాగే "ఓ" అని వచ్చింది.

ట్రాక్టర్ మట్టి పోస్తుంటే గేటు దగ్గరికి పరుగెత్తాను. దాదీ చెట్టు కిందే ఉంది.

"పలికిందా?"

"లేదు దాదీ. పేరు తిరిగి రాలేదు."

ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుంది. "ఉంచుకుంది" అంది.

నేను ఆమె చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించాను. వాచ్‌మన్ లేచాడు.

"మా ఇంటికి" అన్నాను, అతను అడక్కముందే.

లిఫ్టు తలుపు తెరుచుకోగానే దాదీ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, మెల్లగా అడుగు పెట్టింది. తలుపు మూసుకుంది. పైన ఎక్కడో గిలక కిర్రుమంది.